హోమ్ సర్వర్‌లో డిస్క్ మొరాయిస్తే ఎక్కడి నుంచి వెతకాలి

డిస్క్ ఉన్నట్టుండి మాయమవుతుంది, లేదా కనబడుతూనే ఉంటుంది కానీ ఫోల్డర్ తెరిస్తే నిమిషం దాకా ఉలుకూ పలుకూ ఉండదు, లేదా పూల్ (కలిపి వాడే డిస్కుల గుంపు) 'డిగ్రేడెడ్', అంటే పూర్తి బలంతో లేదు, అని అర్ధరాత్రి అలర్ట్ వస్తుంది. ఎవరికైనా చెయ్యి ముందు పవర్ బటన్ మీదికే పోతుంది. దయచేసి ఆగండి. లినక్స్ కెర్నెల్ లాగ్‌లో (సిస్టమ్ తన సంగతులు రాసుకునే చిట్టా) అప్పటిదాకా పడిన ఎర్రర్లు చాలా సెటప్‌లలో రీస్టార్ట్‌తో పోతాయి, మీకున్న ఒకే ఒక్క సాక్ష్యం అదే. పైగా ఆఖరి దశలో ఉన్న హార్డ్ డిస్క్ తిరుగుతున్నంతసేపు ఎలాగో తిరుగుతుంది, ఒకసారి ఆగితే మళ్లీ లేవకపోవచ్చు.

దీనికి ఒకటే మినహాయింపు. డిస్క్ నుంచి టక్ టక్ మని ఒకే లయలో చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. లోపల హెడ్ (డేటా చదివే ముల్లు) తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ మొదటికి వెళ్తోందని అర్థం, అలా నడిపే కొద్దీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) గీసుకుపోతుంది. అందులో ఇంకెక్కడా లేని డేటా ఉంటే దాన్ని డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి, ఇంట్లో మూత విప్పకండి.

చప్పుడు లేకపోతే, రిపేర్ కంటే ముందు కాపీ. బ్యాకప్ ఉందా, చివరిసారి ఎప్పుడు నడిచింది, అందులోంచి ఒక్క ఫైలైనా తెరిచి చూశారా? లేదంటే ఇప్పుడే, డిస్క్ ఇంకా చదువుతుండగానే, ముఖ్యమైనవి వేరే చోటికి తీయండి. సినిమాలు మళ్లీ దొరుకుతాయి, పిల్లల ఫొటోలు దొరకవు, కాబట్టి ఫొటోలే ముందు. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులని జతచేసే పద్ధతి) ఉంది కదా అని ధీమాగా ఉండకండి, పొరపాటున తుడిచేసిన ఫోల్డర్‌ని రెయిడ్ రెండు డిస్కుల్లోనూ అంతే శ్రద్ధగా తుడిచేస్తుంది.

లాగ్ ఏం చెబుతోంది

కాపీ నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో డీమెసేజ్ కొట్టండి, కెర్నెల్ లాగ్ చూపించే కమాండ్ అది. అందులో వచ్చే గోలంతా చూసి టెన్షన్ పడొద్దు, మనకి కావాల్సింది రెండు రకాల మాటలే. 'హార్డ్ రీసెట్టింగ్ లింక్', 'సాటా లింక్ డౌన్' అని వస్తుంటే, లేదా లింక్ స్పీడ్ 6 గిగాబిట్ల నుంచి 3కి, అక్కణ్నుంచి 1.5కి దిగుతుంటే, డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య, అంటే సాటా దారిలో, మాట సరిగ్గా వెళ్లడం లేదు. కేబుల్, పవర్, కంట్రోలర్, వీటిలో ఏదో ఒకటి. అలా కాకుండా 'మీడియం ఎర్రర్', 'అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్' అంటూ ఒకే సెక్టార్ (డిస్క్‌లోని చిన్న గడి) నంబర్ మళ్లీ మళ్లీ కనబడితే తప్పు డిస్క్ ఉపరితలంలోనే ఉంది, కేబుల్ మార్చి ప్రయోజనం లేదు.

ఈ తేడా తెలియకే చాలామంది బాగున్న డిస్క్‌ని పక్కన పడేసి కొత్తది కొంటారు, రెండు వారాలకి కొత్తది కూడా అలాగే మాయమవుతుంది.

తర్వాత స్మార్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు. వాటిని చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌ని హైఫన్ ఎక్స్‌తో నడిపితే పెద్ద పట్టిక వస్తుంది. పైన కనబడే 'పాస్డ్' అనే మాటని పట్టించుకోకండి, వేల సెక్టార్లు పాడైన డిస్క్ కూడా 'పాస్డ్' అని చెప్పగలదు. చూడాల్సింది నంబర్లు 5, 197, 198, 199, వాటిలో కుడి చివరన ఉండే రా వాల్యూ (అసలు అంకె). 197 అంటే డిస్క్ చదవలేక 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టుకున్న సెక్టార్లు. వాటి మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడు అవి బాగైపోవచ్చు, లేదా డిస్క్ వాటికి బదులు స్పేర్ సెక్టార్ వాడుకుని ఆ లెక్కని 5లో కలుపుతుంది. 198 అంటే ఆఫ్‌లైన్ స్కాన్‌లో చదవలేకపోయినవి. 199 మాత్రం డిస్క్ లోపలిది కాదు, దారిలో పాడైన డేటా లెక్క, నూటికి తొంభై పాళ్లు కేబుల్‌నే అనుమానించండి. కేబుల్ మార్చాక కూడా ఆ అంకె సున్నాకి రాదు, ఎప్పటికీ అలాగే ఉంటుంది, కాబట్టి ఈరోజు ఎంత ఉందో రాసిపెట్టుకుని వారం తర్వాత పెరిగిందో లేదో చూడండి.

5లో పది సెక్టార్లు ఉండి నెలలుగా కదలకపోతే, నేనైతే ఆ డిస్క్‌ని అంత ముఖ్యం కాని పనికి వాడుకుంటాను. అదే 197 నిన్న 8, ఇవాళ 40 అయితే ఇంక ఆలోచన వద్దు, మార్చేయడమే. కొన్ని సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు కనబడతాయి. వాటిని చూసి భయపడకండి, ఆ అంకెలో ఎర్రర్ల లెక్కతో పాటు మొత్తం ఆపరేషన్ల లెక్క కూడా కలిపి ఉంటుంది.

అనుమానం తీరకపోతే స్మార్ట్‌లోనే ఉండే లాంగ్ టెస్ట్ పెట్టండి. అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. సెకనుకి సగటున 200 మెగాబైట్లు చదివినా 12 టెరాబైట్ల డిస్క్‌కి దాదాపు 17 గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మేలు. ఒక్క జాగ్రత్త, మొదటి కాపీ పూర్తి కాకుండా ఈ టెస్ట్ పెట్టొద్దు, బలహీనంగా ఉన్న డిస్క్‌ని ఉత్తినే అలసిపోయేలా చేయడం అవుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో ఈ నంబర్లుండవు, అక్కడ 'క్రిటికల్ వార్నింగ్', 'అవైలబుల్ స్పేర్', 'పర్సెంటేజ్ యూజ్డ్' చూడాలి. ఎస్‌ఎస్‌డీ ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పోవడం మామూలే.

పవర్ సంగతి

నా సర్వర్‌లో నాలుగు డిస్కులుండేవి. ఐదోది పెట్టడానికి పవర్ కనెక్టర్ చాలక, ఒక కనెక్టర్‌ని రెండు చేసే స్ప్లిటర్ వాడాను. నెల రోజులు బాగానే నడిచింది. తర్వాత వారానికోసారి, సరిగ్గా స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే పని) నడిచే రాత్రి, మూడో డిస్క్ పూల్ నుంచి జారిపోయేది. సాటా కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, చివరికి డిస్కే మార్చాను. కొత్త డిస్క్ కూడా జారిపోయింది. ఆరోజు పాత డిస్క్ స్మార్ట్ పట్టికని తీరిగ్గా, ఒక్కో వరసా చదువుతుంటే 12వ నంబర్ కనబడింది, అంటే డిస్క్ ఎన్నిసార్లు ఆన్ అయిందో ఆ లెక్క. సర్వర్‌ని నేను ఆ నెలల్లో ఆపిందే రెండు మూడు సార్లు, అక్కడ మాత్రం దాదాపు నలభై పెరిగి ఉంది. పక్కన 192, అంటే కరెంట్ పోయి హెడ్ హడావుడిగా వెనక్కి వెళ్లిన లెక్క, అది కూడా అదే వరసలో పెరిగింది. సర్వర్ ఆగకుండానే డిస్క్‌కి మాత్రం కరెంట్ పోయి వస్తోందన్నమాట. స్ప్లిటర్ విప్పి చూస్తే ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. స్ప్లిటర్ తీసేసి పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే కేబుల్‌కి తగిలించాక ఇంతవరకు మళ్లీ ఒక్కసారి కూడా జారలేదు.

అందుకే చెబుతున్నా, 199 పెరగకుండా 12, 192 పెరుగుతుంటే డేటా కేబుల్ జోలికి పోకుండా ముందు పవర్ చూడండి. ఒకే తీగ మీద ఎన్ని డిస్కులు వేలాడుతున్నాయో లెక్కపెట్టండి, అన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెట్టినప్పుడే ఎక్కువ కరెంట్ లాగుతాయి. అచ్చుపోసిన ప్లాస్టిక్ కనెక్టర్లుండే మోలెక్స్ టు సాటా అడాప్టర్లు లోపల షార్ట్ అయి కాలిపోయే రకం, అవి ఉంటే ఈరోజే తీసేయండి.

కొత్త డిస్క్ అసలు తిరగనే లేదంటే, ముఖ్యంగా ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన డిస్క్ అయితే, మూడో పవర్ పిన్ కారణం కావచ్చు. కొత్త సాటా ప్రమాణంలో ఆ పిన్‌కి 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగిపోవాలి, పాత పవర్ సప్లైలు అక్కడ ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. వేడికి తట్టుకునే క్యాప్టన్ టేప్ ముక్కతో ఆ పిన్‌ని కప్పేస్తే చాలు. ఇంకొకటి, కొత్తగా ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజే ఒక హార్డ్ డిస్క్ మాయమైతే మదర్‌బోర్డ్ మాన్యువల్ తెరవండి, చాలా బోర్డుల్లో ఆ స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి.

డిస్క్ నిండింది అంటోంది, కానీ ఫైళ్లు కనబడవు

ఇది వేరే రకం తలనొప్పి. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ వంద శాతం అంటుంది, ఫైళ్ల సైజులు లెక్కపెట్టే డీయూతో కూడితే సగం కూడా రాదు. ఫైల్ తుడిచేసినా దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తుంటే ఆ జాగా తిరిగి రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ని ప్లస్ ఎల్1తో నడిపితే ఆ ప్రోగ్రామ్ ఏదో తెలిసిపోతుంది, దాన్ని రీస్టార్ట్ చేస్తే జాగా వచ్చేస్తుంది. డాకర్ (ప్రోగ్రామ్‌లని కంటెయినర్లనే విడి డబ్బాల్లో నడిపేది) వాడుతుంటే కంటెయినర్ లాగ్ ఫైళ్లు చూడండి, మామూలు సెట్టింగ్‌లో వాటికి సైజు పరిమితి ఉండదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లు వాడేవాళ్లకైతే పాత స్నాప్‌షాట్లు (ఒకప్పటి స్థితిని దాచిన నకళ్లు) జాగా పట్టి ఉంచుతాయి. జాగా ఉండి కూడా 'నో స్పేస్ లెఫ్ట్' అంటే డీఎఫ్‌కి హైఫన్ ఐ కలిపి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒక్కో నమోదు) చూడండి, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసినప్పుడే ఖాయమవుతుంది, లక్షల చిన్న ఫైళ్లతో అవి ముందే అయిపోవచ్చు. అదే ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం రూట్ యూజర్ (అడ్మిన్) కోసం దాచుతుంది, 4 టెరాబైట్ల డేటా డిస్క్‌లో అది 200 గిగాబైట్లు. సిస్టమ్ లేని డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు.

వీటన్నిటి కంటే ఎక్కువ ఏమార్చేది మౌంట్, అంటే డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడం. ఒకరోజు డేటా డిస్క్ మౌంట్ అవలేదనుకోండి. మౌంట్ పాయింట్ ఫోల్డర్ మాత్రం అక్కడే ఖాళీగా ఉంటుంది, డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌కి ఈ తేడా తెలియదు, అది ఆ ఫోల్డర్‌లోకే రాసుకుంటూ పోతుంది, అంటే మీ చిన్న సిస్టమ్ డిస్క్‌లోకి. మర్నాడు డేటా డిస్క్ తిరిగి మౌంట్ అవుతుంది, నిన్న రాసిన ఫైళ్లు దాని కింద కప్పబడిపోతాయి. సిస్టమ్ డిస్క్ నిండే ఉంటుంది, ఎంత వెతికినా ఫైళ్లు దొరకవు. రూట్ ఫోల్డర్‌ని (సిస్టమ్ డిస్క్ మొదలు) వేరే ఖాళీ ఫోల్డర్‌కి బైండ్ మౌంట్ చేసి, అంటే అక్కడ కూడా కనబడేలా చేసి, అక్కడ డీయూ నడిపితే దాక్కున్నవన్నీ బయటపడతాయి. మళ్లీ జరగకుండా, డిస్క్ మౌంట్ అయి లేనప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ (మార్పులకి తాళం) పెట్టండి, అప్పుడు డిస్క్ లేకుండా ఎవరూ అందులో రాయలేరు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అప్పుడు ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) కూడా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు వాడకండి, రీస్టార్ట్ అయ్యాక అవి తారుమారు కావచ్చు. యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే మారని గుర్తు) రాయండి, డేటా డిస్క్ వరసలో 'నోఫెయిల్' చేర్చండి, లేకపోతే ఒక్క డిస్క్ రాకపోయినా సర్వర్ మొత్తం బూట్ దగ్గరే ఆగిపోతుంది.

మార్చాల్సి వస్తే

డిస్క్ నిజంగానే పోయిందని తేలాక జరిగే పెద్ద ప్రమాదం పక్కనున్న మంచి డిస్క్‌ని లాగేయడం. పాడైన దాని సీరియల్ నంబర్ ఎల్‌ఎస్‌బ్లాక్ (డిస్కుల జాబితా ఇచ్చే కమాండ్)లో చూసి కాగితం మీద రాసుకోండి, డిస్క్ మీది స్టిక్కర్‌తో అంకె అంకె పోల్చి చూశాకే తీయండి. తీరిక ఉన్నప్పుడే ప్రతి డిస్క్ బయటి అంచు మీద సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు అతికించి ఉంచితే ఆ రోజు చేతులు వణకవు.

ఎండీఆడమ్ (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపేది) వాడేవాళ్లు ప్రోక్ ఎండీస్టాట్ ఫైల్‌లో చూడండి, రెండు యూలకి బదులు ఒక యూ, ఒక అండర్‌స్కోర్ ఉంటే ఒక డిస్క్ లేదని అర్థం. అర్రే (రెయిడ్‌లోని డిస్కుల గుంపు) లేవనప్పుడు 'అసెంబుల్' చేయాలి, 'క్రియేట్' మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కొట్టొద్దు. అది పాత అర్రే వివరాల మీద కొత్తవి రాసేస్తుంది, డిస్కుల వరస ఒక్కటి తప్పినా డేటా చేజారుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో జెడ్‌పూల్ స్టేటస్ చూపించే చెక్‌సమ్ ఎర్రర్లు (రాసిన డేటాకీ చదివిన డేటాకీ పొంతన లేకపోవడం) ఒకే డిస్క్ మీద ఉంటే ఆ డిస్కో దాని కేబులో. అన్ని డిస్కుల మీద ఒకేసారి వస్తే డిస్కులన్నీ కూడబలుక్కుని పాడవ్వవు కదా, ర్యామ్‌ని మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా పరీక్షించండి, కంట్రోలర్ కార్డ్ వేడెక్కుతోందేమో చూడండి.

కొత్త డిస్క్ కొనేటప్పుడు అది సీఎంఆరా (ట్రాక్‌లు విడివిడిగా ఉండే రకం), ఎస్‌ఎంఆరా కనుక్కోండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, చిన్న మార్పుకి కూడా పక్కవి తిరిగి రాయాలి, అందుకే రీబిల్డ్ (కొత్త డిస్క్‌లో డేటా తిరిగి నింపడం) రోజుల తరబడి సాగుతుంది, ఒక్కోసారి మధ్యలోనే రెయిడ్ ఆ డిస్క్‌ని బయటికి నెట్టేస్తుంది.

రెయిడ్ లేని ఒంటరి డిస్క్ పాడైతే దాని మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. అది ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే పనిముట్టు, డిస్క్‌ని కాదు, చదవలేని చోట్లని చెత్తగా భావించి ఉన్నవాటిని కూడా తుంచేయవచ్చు. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తాన్ని మంచి డిస్క్ మీదికి కాపీ చేయండి. మొదటి విడతలో హైఫన్ ఎన్ పెట్టి తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకోండి, రెండో విడతలో హైఫన్ ఆర్3తో మొండి చోట్లని మళ్లీ ప్రయత్నించండి. మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మర్చిపోవద్దు, అది ఉంటేనే మధ్యలో ఆగినా ఆగిన చోటి నుంచి కొనసాగుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే ఏదైనా నడపాలంటే ఆ కాపీ మీద నడపండి.

యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టిన డిస్కులకి ఇవన్నీ కొంచెం కష్టమే. స్మార్ట్ వివరాలు రాకపోతే స్మార్ట్‌సీటీఎల్‌కి 'హైఫన్ డీ శాట్' చేర్చి చూడండి. కాపీ మధ్యలో డిస్క్ ఊడిపోయి వస్తూ ఉంటే లాగ్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులని వేగంగా నడిపే పద్ధతి) అనే మాట కోసం వెతకండి, ఆ డబ్బా చిప్‌కి యూఏఎస్ పడకపోతే కెర్నెల్ క్విర్క్స్‌లో (తేడాగా నడిచే పరికరాల కోసం ఉండే సెట్టింగ్‌లు) దాన్ని ఆపొచ్చు, వేగం కొంచెం తగ్గినా నిలకడగా నడుస్తుంది.

అంతా సర్దుకున్నాక నెలకోసారి స్క్రబ్, వారానికోసారి షార్ట్ టెస్ట్ షెడ్యూల్ చేయండి, స్మార్ట్ లెక్కల మీద కన్నేసి ఉంచే స్మార్ట్‌డీ ప్రోగ్రామ్ పెట్టి మెయిల్ అడ్రస్ ఇవ్వండి. దాని కాన్ఫిగ్ వరసలో 'హైఫన్ ఎం టెస్ట్' అని ఎం పెద్దక్షరంతో రాసి సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే ఒక పరీక్ష మెయిల్ వస్తుంది. అది మీ ఫోన్‌లో కనబడిందా, స్పామ్‌లో పడిందా చూసుకుని, ఆ మాట తీసేయండి.