హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్ గుర్తుపట్టకపోతే: నా అనుభవం

మా పాప చిన్నప్పటి ఫొటోలన్నీ ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే ‘యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అని వచ్చింది. గుండె జారిపోయింది. కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 అనే ఎర్రర్, ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’. అంటే నువ్వెవరని కంప్యూటర్ అడిగితే సరైన జవాబు రాలేదన్నమాట.

ఆ ఎంట్రీని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే. ముందున్న పోర్టు వదిలేసి, వెనక మదర్‌బోర్డుకే (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుకే) ఉండే పోర్టులో పెట్టాను. అక్కడా అంతే.

అప్పుడు కేబుల్ పట్టి చూశాను. డిస్క్ వైపు, మధ్యలో నొక్కుతో రెండు ముక్కల్లా ఉండే వెడల్పాటి పిన్ను దగ్గర వైరు మెత్తబడి ఉంది. కాస్త వంచితే డిస్క్ కనిపిస్తోంది, వదిలితే పోతోంది! అదే రకం కొత్త కేబుల్ తెచ్చి పెట్టగానే ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. ఆ రాత్రే ఫొటోలన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేశాను.