ఫిల్ము నుంచి డిజిటల్‌కు మారేముందు పల్లె ఫొటోగ్రాఫర్ వేసుకోవలసిన లెక్క

బెంగళూరులో నేను ప్రింటింగు పని చేసే చోటికి కుప్పం, హిందూపురం, బాగేపల్లి వైపుల నుంచి ఇప్పటికీ ఒకరిద్దరు తెలుగు ఫొటోగ్రాఫర్లు ఫిల్ము రోళ్లు సంచిలో వేసుకుని వస్తుంటారు. నెగటివ్‌లు చేతికి వచ్చేదాకా బల్ల మీద కూర్చుని వారు అడిగేది దాదాపు ఒకటే: “అన్నా, ఇక మారిపోవాలా, ఇంకొన్నాళ్లు ఇలాగే నడపవచ్చా?” ఫిల్ము బొమ్మ అందమా, డిజిటల్ బొమ్మ అందమా అన్న వాదనతో ఈ ప్రశ్న తేలదు. నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుని కూర్చుంటే తేలుతుంది.

పోయిన సంవత్సరం చేసిన పనులన్నీ ముందుగా రాసుకోండి. రోలు ధర ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. కడిగింపు, స్కానింగు, రైలు ఛార్జీలతో పాటు, నగరానికి వచ్చిన రోజు స్టూడియో మూసి ఉన్నందువల్ల పోయిన పాస్‌పోర్టు ఫొటోల రాబడి కూడా అందులో చేరాలి. ఉదాహరణకు అన్నీ కలిపి రోలుకు 1,200 రూపాయలు పడుతున్నాయని, శుభకార్యానికి నాలుగు రోళ్ల చొప్పున ఏడాదికి 15 కార్యాలు చేస్తున్నారని అనుకుందాం. 60 రోళ్లకు 72,000 రూపాయలవుతుంది. 36 ఫ్రేముల్లో కళ్లు మూసుకున్నవి, కదిలినవి పోగా 24 నిలిస్తే, పనికొచ్చే ఒక్కో బొమ్మకు ప్రింటు కాకుండానే 50 రూపాయలు పడినట్టు. ఏడాదికి నాలుగు కార్యాలే చేసేవారికి ఇదే లెక్క 19,200 దగ్గర ఆగుతుంది. అటువంటివారు అప్పు చేసి మరీ తొందరపడనవసరం లేదని నా అభిప్రాయం.

ఎదురు పేజీలో డిజిటల్ ఖర్చు రాసేటప్పుడు చాలామంది కెమెరా ధర వేసి గీత గీసేస్తారు. రెండు బ్యాటరీలు, రెండు మెమరీ కార్డులు, కంప్యూటరు, రెండు హార్డ్ డిస్కులు, కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్ కూడా ఆ పేజీలోకి రావాలి. పాత కెమెరా కొంటే దాని షట్టరు ఇప్పటికి ఎన్నిసార్లు పడిందో అడిగి తెలుసుకోవాలి. మధ్యస్థాయి డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగల డిజిటల్ కెమెరాల్లో) చాలావాటి షట్టరును లక్ష నుంచి లక్షన్నర క్లిక్కుల లెక్కన తయారు చేస్తారు. 90,000 దాటినదాన్ని తక్కువ ధరకు వస్తోందని కొంటే, షట్టరు మార్పించే ఖర్చును కూడా ఆ ధరలో కలుపుకోవాలి.

ఉన్న లెన్సులు నిలబడతాయా అన్నది తరువాతి పరీక్ష, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. నికాన్ వాడేవారికి మౌంటు, అంటే లెన్సు బిగించే చోటు, 1959 నుంచి అదే కాబట్టి అన్నీ పనిచేస్తాయన్న భరోసా ఉంటుంది, కాని అది సగమే నిజం. 3000, 5000 వరుసల చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు గనుక కెమెరాలోని మోటారు మీదే ఆధారపడే పాత ఏఎఫ్-డి లెన్సులను చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. చేత్తో తిప్పే ఏఐ లెన్సులు (నికాన్ 1977లో తెచ్చిన రకం) పెడితే ఆ బాడీల్లో వెలుతురు కొలిచే మీటరు కూడా పలకదు. డీ7000, డీ7200, డీ750 వంటివి ఈ రెండు రకాలనూ ఆదరిస్తాయి. 1977కు ముందు వచ్చిన, ఏఐ కాని లెన్సును తగిలిస్తే కొన్ని బాడీలు దెబ్బతింటాయి కాబట్టి బలవంతం చేయరాదు. కేనన్‌లో 1987 తరువాతి ఈఎఫ్ లెన్సులు ఆ సంస్థ డీఎస్ఎల్ఆర్‌లన్నిటికీ సరిపోతాయి. అంతకు ముందరి ఎఫ్‌డీ లెన్సులను వాటి మీద ఆశించకండి.

లెన్సు సరిపోయినా గది సరిపోకపోవచ్చు. ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు. తక్కువ ధరలో దొరికే కెమెరాల సెన్సారు, అంటే ఫిల్ము స్థానంలో వెలుతురు పట్టే పలక, వెడల్పు దాదాపు 23.6 మిల్లీమీటర్లే. మీ 50 ఎంఎం లెన్సుతో మూడు మీటర్ల దూరం నుంచి ఇప్పుడు సుమారు 2.16 మీటర్ల వెడల్పు పడుతుంటే, చిన్న సెన్సారు మీద 1.42 మీటర్లే పడుతుంది. అంటే ఐదుగురు నిలబడే కుటుంబం ఫొటోలో ముగ్గురే మిగులుతారు, వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డు. కొనకముందే స్టూడియోలో టేపు పట్టి కొలవండి. 35 ఎంఎం లెన్సు ఒకటి తీసుకుంటే పాత చూపు దాదాపుగా తిరిగి వస్తుంది.

పాత ఫ్లాషును కూడా అలాగే తగిలించరాదు. కొన్నింటి ట్రిగ్గర్ ఓల్టేజి (ఫ్లాషు నుంచి కెమెరా పిన్ను మీద పడే ఓల్టేజి) 200 దాటుతుంది, కొన్ని డిజిటల్ బాడీలకు ఆరు ఓల్టులే హద్దు. ఫ్లాషును పూర్తిగా ఛార్జి చేసి, కింది మధ్య పిన్నుకూ పక్క లోహానికీ మల్టీమీటరు పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇక అలవాటు విషయం. కలర్ నెగటివ్ మీద వెలుతురు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువైనా ప్రింటులో సర్దుకోవచ్చు, తక్కువైతేనే నీడలు మట్టి కొట్టుకుపోతాయి. అందుకే మనమందరం కొంచెం ఎక్కువే ఇస్తూ పెరిగాం. డిజిటల్‌లో ఇది తలకిందులవుతుంది. నేను మొదటిసారి డిజిటల్‌తో తీసిన పెళ్లిలో మధుపర్కాల మీద ఎర్ర అంచు ఉంది, తెల్ల బట్ట ఉండవలసిన చోట ఖాళీ కాగితం ఉంది. మడతలు, నేత ఏవీ లేవు, ఎంత తగ్గించినా తిరిగి రాలేదు. పెళ్లికూతురి తల్లి ఆ పేజీ దగ్గర ఆగి ఏమీ అనకుండా తిప్పేశారు. అప్పటి నుంచి తెర మీద మితిమీరిన వెలుగు మిణుకుమనే హెచ్చరికను ఎప్పుడూ తెరిచే ఉంచుతాను, తెల్లబట్టలున్నప్పుడు అర స్టాపో ముప్పావో తగ్గించి తీస్తాను. రా ఫైలుగా, అంటే కెమెరా దిద్దకుండా ఉంచే ముడి ఫైలుగా, తీస్తే ఇంకొంత ఊపిరి ఉంటుంది: 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, కెమెరా దిద్ది కుదించి ఇచ్చే జేపెగ్‌లో 256 మెట్లే. ఆశీర్వచనాల వరుసను జేపెగ్‌లో తీసినా నష్టం లేదు. జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు మాత్రం రాలోనే తీయాలి.

ఎర్ర షామియానా కింద ముఖాలన్నీ కుంకుమ రంగుకు తిరిగితే ఒక తెల్ల కాగితాన్ని ఆ వెలుతురులోనే తీసి వైట్ బ్యాలెన్సు (తెలుపు తెలుపుగానే కనిపించే సర్దుబాటు) కుదుర్చుకోండి. మండపంలో చవకరకం ఎల్‌ఈడీ దీపాలుంటే బొమ్మల్లో చారలు పడవచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టరును సెకనులో వందో వంతు దగ్గరో, యాభయ్యో వంతు దగ్గరో నిలిపితే చాలావరకు పోతాయి.

తీసిన తరువాతి పనిని తక్కువగా అంచనా వేయకండి, అసలు మార్పు అక్కడే ఉంది. ఫిల్ముతో 144 ఫ్రేములు తీసిన చేయి డిజిటల్‌తో 1,500 తీస్తుంది. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది గనుక ఒక్క పెళ్లికే 40 జీబీ దాటవచ్చు. ఏరడానికి ఒక సాయంత్రం, రంగులు దిద్దడానికి రెండు రోజులు పడతాయి; ఆ పని మీరు చేస్తారా, చదువుకుంటున్న కొడుకో కూతురో చేస్తారా, డబ్బిచ్చి చేయిస్తారా అన్నది ముందే తేల్చుకుని ఆ ఖర్చును బేరంలో కలపాలి. ఫైళ్లు రెండు డిస్కుల్లో, వీలైతే ఒకటి వేరే ఇంట్లో, ఉండాలి. ఆ రెండూ చేరి తెరుచుకుంటున్నాయని చూసుకునేదాకా కార్డును చెరపరాదు. ల్యాబుకు ఫైళ్లను ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలోనే పంపండి, లేకుంటే ప్రింటులో చర్మం పాలిపోతుంది. 12×18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 పిక్సెళ్లు, అంటే 20 మెగాపిక్సెళ్ల లోపే చాలు. అంతకు మించిన పిక్సెళ్ల కోసం అప్పు పెంచుకోవడం నాకు సబబుగా తోచదు.

కార్డులు, డిస్కుల కోసం బెంగళూరు వచ్చేవారికి టౌన్ హాల్ దగ్గరి ఎస్‌పీ రోడ్డే దగ్గరి దారి. అక్కడ ధర మరీ తక్కువగా చెప్పిన కార్డును బిల్లు లేకుండా కొనకండి. 128 జీబీ అని రాసి ఉండి నిజానికి అందులో నాలుగో వంతే పట్టే నకిలీలు ఉంటాయి. నిండా ఫైళ్లు వేసి, తిరిగి తీసి, చివరి ఫైలు తెరుచుకుంటేనే పెళ్లికి తీసుకెళ్లండి.

కొనేముందు మీరు ఎంచుకున్న కెమెరానే అద్దెకు తెచ్చుకుని, దగ్గరి బంధువుల ఇంట్లో ఏదైనా నామకరణమో సీమంతమో తీయండి. డబ్బు తీసుకోకుండా తీస్తే తప్పులు భయపెట్టవు. ఆ తరువాతి రెండు మూడు కార్యాలకు ముఖ్యమైన ఘట్టాలకు ఫిల్మును, మిగతావాటికి డిజిటల్‌ను వాడి, రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టి ఖాతాదారుల ముఖం చూడండి. ప్రత్యేకంగా ఫిల్మే కావాలనేవారు ఒకరిద్దరు తగిలితే, వారి కోసం పాత బాడీని అమ్మకుండా ఉంచుకుని, రోలు ఖర్చుకు విడిగా ధర చెప్పవచ్చు.

మారినా మారకపోయినా, అటక మీది నెగటివ్‌లను కిందికి దించండి. ఊరిలో చాలామంది తాతల, అవ్వల ఆఖరి ఫొటోలు వాటిలోనే ఉంటాయి, ప్రింటు అడిగేవారు వస్తూనే ఉంటారు. కొత్త కెమెరాకు మాక్రో (చాలా దగ్గరి నుంచి తీసే) లెన్సు బిగించి, తెల్లని వెలుతురు పలక మీద నెగటివ్‌ను చదునుగా పరిచి తీస్తే రోలంతా అరగంటలో ఫైళ్లుగా మారుతుంది. ఆపై వాటిని ప్లాస్టిక్ కవర్ల నుంచి ఆమ్లం లేని కాగితపు కవర్లలోకి మార్చి, పెళ్లి తేదీ, ఇంటిపేరు పెన్సిలుతో రాసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో, వంటింటికి దూరంగా పెట్టండి. వానాకాలం రాగానే ఆ పొట్లాలను మార్చండి.