కెంపు తెల్లబడితే, పుష్యరాగం వెలిస్తే: వేడి చేసిన రాళ్ల సమస్యలు, పరిష్కారాలు

సంక్రాంతి వెళ్లిన వారం నుంచీ మా బల్ల దగ్గర ఒకటే మాట. "బాబాయ్, ఈ కెంపు చూడండి, పండక్కి ముందు నిండుగా ఉండేది, ఇప్పుడు తెల్ల చారలొచ్చాయి." పండక్కి బీరువాల్లోంచి నగలు బయటికొస్తాయి. చింతపండుతో తోముతారు, కుంకుడు రసంలో కడుగుతారు, వేలికి వదులైన ఉంగరాలు బిగింపిస్తారు. ఏడాది మొత్తంలో రాళ్ల మీద మంటా పులుపూ పడేది ఆ పది రోజుల్లోనే. నేను నరసాపురంలో రాళ్లు తాపే పనిలో ఇరవై ఏళ్ల పైనుంచీ ఉన్నాను. మా నాన్నగారిదీ ఇదే పని. ఏ లక్షణం కనిపిస్తే ఏది కారణమో ఒకచోట రాసి పెడితే నగ పెట్టుకునేవాళ్లకూ, అతుకు పెట్టేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కొలిమి సంగతి కొంత తెలియాలి. మన గోదావరి ఒండ్రు మట్టిలో కెంపులు పుట్టవు. మన కొట్లకు వచ్చేవి బర్మా, మొజాంబిక్, మడగాస్కర్, శ్రీలంక గనుల రాళ్లు. వాటిలో ఎక్కువ భాగం థాయ్‌లాండ్‌లోని చాంతాబురిలోనో, శ్రీలంకలోనో కొలిమి చూసి వచ్చినవే. కెంపూ నీలమూ ఒకే జాతి, రెండూ కురువిందమే (ఇంగ్లీషులో కొరండం). పసుపుగా ఉండే కనకపుష్యరాగమూ ఆ జాతిదే. అందులో క్రోమియం చేరితే ఎరుపు, ఇనుమూ టైటానియమూ జంటగా చేరితే నీలం. శ్రీలంకలో 'గ్యూడా' అని పాలలా మబ్బుగా ఉండే రాయి దొరుకుతుంది. ఒకప్పుడు దానికి పెద్ద విలువ లేదు. ఆ మబ్బుకు కారణం లోపలి రూటైల్ అనే సన్నని సూదులు. గాలి తగలనివ్వకుండా 1,600 నుంచి 1,800 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ సూదులు కరుగుతాయి, వాటిలోని టైటానియం రాయిలో కలుస్తుంది, నీలం రంగు తేలుతుంది. 1970ల్లో థాయ్ వ్యాపారులు ఈ కిటుకు పట్టి గ్యూడాను కుప్పలుగా కొన్నారు. కెంపులో ఊదా ఛాయ పోగొట్టాలంటే గాలి తగలనిస్తూ వేడి చేస్తారు. దానికి కొన్నిసార్లు 1,000 డిగ్రీల లోపు కూడా సరిపోతుంది.

మన ఇళ్లలో దాలిలో పాలు మీగడ కట్టాలంటే పిడకల సెగ ఎంత నిదానంగా ఉండాలో తెలుసుగా? రాయి కూడా అలాగే నెమ్మదిగా వేడెక్కాలి, నెమ్మదిగానే చల్లారాలి. అలా వచ్చిన రంగు తరాల పాటు నిలుస్తుంది. వెలిసేదీ, చారలు పడేదీ, పగిలేదీ వేరే రాళ్లు: వేడితో పాటు ఇంకేదో ఎక్కించినవి, లేదంటే ఇక్కడ మన చేతుల్లో రెండోసారి మంట తగిలినవి. కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాని నుంచి వచ్చినవే.

లక్షణం: కెంపు మీద తెల్ల చారలు, సన్నని గాట్లు

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కేసు ఇది. అన్నిటికంటే బాధ పెట్టేదీ ఇదే.

మొన్నామధ్య కోనసీమ వైపు నుంచి ఒకావిడ వచ్చారు. కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసి, వచ్చేటప్పుడు కొనుక్కున్న ఉంగరం. బొటనవేలి గోరంత కెంపు. ఊళ్లో ఒకచోట బిగింపిస్తే, మంట పెట్టి అతికి, ఆమ్లంలో ముంచి తీసి ఇచ్చారట. లూప్ (రాళ్లు చూసే చిన్న భూతద్దం) కింద పెట్టి చూస్తే రాయి పైముఖమంతా వేసవిలో ఎండిన చేను నెర్రెలు విచ్చినట్టుంది. ప్రతి నెర్రె వెంటా ఒక చిన్న కాలువ, ఆ కాలువలో ఏమీ లేదు. "మోసం చేశారా బాబూ?" అని అడిగారావిడ. అతికిన ఆయన తప్పు కొంత. అమ్మేటప్పుడు చెప్పనివాళ్ల తప్పు చాలా ఎక్కువ.

కారణం సీసపు గాజు. పగుళ్లతో నిండిన నాసి కెంపును ముందు వేడి చేసి మలినాలు పోగొడతారు. తర్వాత సీసం కలిపిన గాజును కరిగించి ఆ పగుళ్లలోకి ఎక్కిస్తారు. ఆ గాజులో వెలుతురు వంగే తీరు కెంపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగులు కంటికి ఆనదు, రాయి స్వచ్ఛంగా కనిపిస్తుంది. 2004 ప్రాంతం నుంచీ ఇవి బజారును ముంచెత్తాయి. కెంపు మంటకు తట్టుకుంటుంది. గాజు తట్టుకోదు. బంగారం అతుకు కరిగే వేడి రాకముందే అది మెత్తబడి బయటికి ఊరుతుంది. ఆమ్లం తగిలితే తినేస్తుంది. నిమ్మరసం చాలు దానికి. చింతపండు పులుసూ ఆమ్లమే. రొయ్యల చెరువుల దగ్గర సున్నం కలిపే చేతికి ఇలాంటి ఉంగరం ఉంటే, ఆ సున్నపు నీళ్లు కూడా దానికి మంచివి కావు.

ఎలా గుర్తించాలి: పది రెట్లు చూపించే లూప్ తీసుకోండి, కిటికీ దగ్గర కూర్చోండి, ఉంగరాన్ని నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. ఎర్రరాయి లోపల, ఒక కోణంలో మాత్రమే, రోడ్డు మీది వాన నీళ్లలో పెట్రోలు చుక్క పడ్డట్టు నీలి మెరుపు తళుక్కుమని మాయమైతే అది గాజే. ఇంకొంచెం ఓపికగా చూస్తే పగులు లోపల గుండ్రని గాలి బుడగలు కనిపిస్తాయి, సోడాలో చిక్కుకుపోయినట్టు. కెంపులో సహజంగా అంత గుండ్రని బుడగలు ఉండవు.

పరిష్కారం: చారలు పడ్డాక పూర్తిగా బాగుచేయడం మన దగ్గర అయ్యే పని కాదు. పైముఖం పాలిష్ చేస్తే కొంత నునుపు వస్తుంది గానీ లోపలి పగుళ్లు అలాగే తెల్లగా కనిపిస్తాయి. ఆ రాయి విలువకు అంతకంటే ఖర్చు పెట్టడం దండగ అని నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను. ఇంకా చెడని రాయైతే దాచుకునే దారి ఉంది: ఉత్త నీళ్లు, కొంచెం మెత్తని సబ్బు, మెత్తటి గుడ్డ. అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయొద్దు, ఆవిరితో కడగొద్దు. ఉంగరం సైజు మార్చాలంటే ముందు రాయిని ఊడదీయాలి, అతుకు పని అయ్యాక మళ్లీ తాపాలి. దానికి గంట పని ఎక్కువ, నాలుగు డబ్బులు ఎక్కువ. ఇవ్వండి.

లక్షణం: గాజు నింపని మంచి కెంపే, కానీ అతుకు పెట్టే టార్చ్ మంట తగిలాక మెరుపు చచ్చిపోయింది

దీనికి కారణం వెలిగారం (బోరాక్స్). ఇది నేను నా చేతుల మీదుగా నేర్చుకున్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక నీలం ఉంగరం కాడ విరిగితే, రాయి తీయకుండానే అతుకు పెట్టాను. బంగారం నల్లబడకుండా, అతుకు బాగా పారడానికి అలవాటుగా వెలిగారం నీళ్లు ఉంగరం మొత్తానికి పూశాను, రాయిక్కూడా. చల్లారాక చూస్తే అద్దంలా ఉండాల్సిన ముఖం వాన చినుకులు పడ్డ ఇసుకలా గుంటలు గుంటలుగా ఉంది. నాన్నగారు అరవలేదు. లూప్ నా చేతికిచ్చి, "చూడు, బాగా చూడు" అన్నారు. అంతే.

వేడి మీద కరిగిన వెలిగారం కురువిందం పైపొరను కరిగించుకుంటుంది. వజ్రాలకు మంట నుంచి రక్షణగా బోరిక్ ఆమ్లం పూత వేసే అలవాటున్నవాళ్లు కెంపుకూ నీలానికీ అదే చేస్తారు, అక్కడే దెబ్బతింటారు. బర్మాలోని మోంగ్ హ్సు కెంపుల్లో మధ్యలో నీలిమచ్చ పోగొట్టడానికి కొలిమిలోనే వెలిగారం వాడేవారు. అది పగుళ్లలో గాజులా గడ్డకట్టి మిగిలిపోతుంది. ల్యాబు రిపోర్టులో 'రెసిడ్యూ' అని రాసేది దాన్నే.

పరిష్కారం: ఇది బాగయ్యే జబ్బు. గుంటలు పైపైనే ఉంటాయి కాబట్టి రాయి తీసి మళ్లీ సాన పట్టిస్తే మెరుపు తిరిగొస్తుంది, బరువు కాస్త తగ్గుతుంది. సాన పట్టడానికి ముందూ తర్వాతా మీ ఎదురుగానే తూకం వేయించుకోండి.

లక్షణం: సాన పట్టిస్తే నీలం అంచుల్లో రంగు పోయింది

పైన చెప్పిన మరమ్మతు చేయించాక కొందరికి ఇది ఎదురవుతుంది. మెరుపు వచ్చింది, రంగు పోయింది. అంటే ఆ రాయిలో రంగు పైపొరలోనే ఉంది. లేత రాయిని టైటానియం పొడిలో పెట్టి రోజుల తరబడి వేడి చేస్తే రంగు చర్మంలోకి మాత్రమే ఇంకుతుంది, సాధారణంగా అర మిల్లీమీటరు కూడా దిగదు. దీన్ని డిఫ్యూజన్ అంటారు.

సాన పట్టించక ముందే చూసుకోవచ్చు. తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి, రాయిని తలకిందులుగా వేసి పైనుంచి చూడండి. పట్టకాల (రాయికి సాన పట్టిన చదును ముఖాల) అంచుల వెంట పెన్నుతో గీసినట్టు ముదురు గీతలు, మధ్యలో వెలితి కనిపిస్తే అనుమానించండి. వేడి మాత్రమే తగిలిన నీలంలో రంగు లోపల పట్టీలుగా ఉంటుంది, పట్టకాలను అనుసరించదు.

బెరీలియం ఎక్కించిన రాళ్ల సంగతి వేరు. 2001, 2002 ప్రాంతంలో నారింజ, పసుపు రంగుల్లో ఒక్కసారిగా విపరీతంగా రాళ్లు వచ్చిపడ్డాయి. బెరీలియం చాలా తేలికైన మూలకం కాబట్టి రాయి లోపలిదాకా వెళ్లిపోతుంది. గిన్నెలో నీళ్లతో ఇది తేలదు, పెద్ద ల్యాబు యంత్రాలే చెప్పాలి. ఖరీదైన కనకపుష్యరాగం కొంటున్నప్పుడు ఈ పరీక్ష చేయించారా లేదా అని అడగడం మీ హక్కు.

లక్షణం: కనకపుష్యరాగం నెలల్లో వెలిసింది

భీమవరం వైపు ఆక్వా రైతులు గురువారం చూసి ఉంగరం పెట్టుకుంటారు, రోజంతా చెరువు గట్టు మీద ఎండలో ఉంటారు. కొన్ని నెలలకే "ఏవండీ, పసుపు పోయి నీళ్లలా అయిందేంటి" అని వస్తారు. గ్రహబలం తగ్గిందేమోనని భయం. ఆ భయం అక్కర్లేదు. గాలి తగిలేలా వేడి చేసి తెచ్చిన పసుపు ఎండకు వెలవదు. వెలిసిందంటే దానికి రంగు తెచ్చింది కొలిమి కాదు, రేడియేషన్. అలాంటి పసుపు ఎండకూ వేడికీ నిలవదు.

కొనేముందు చేయగల పరీక్ష ఒకటుంది: ఒకేలాంటి రాళ్లు రెండు తీసుకుని, ఒకటి పెట్టెలో చీకట్లో ఉంచి, రెండోది కొన్ని రోజులు కిటికీ ఎండలో పెట్టి పక్కపక్కన పోల్చడం. దీనికి ఒప్పుకునే వ్యాపారి దగ్గర కొనండి. వెలిసిన రాయిని కొలిమిలో పెట్టి బాగుచేస్తామనేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఇనుము పాళ్లు సరిగా లేని రాయికి ఎంత వేడి చేసినా పసుపు రాదు.

లక్షణం: రాయి మధ్యలో గుండ్రని బిళ్లలాంటి పగులు

ఇక్కడ తొందరపడి ఎవర్నీ అనకూడదు. రాయి లోపల ఇరుక్కున్న చిన్న స్ఫటికం కొలిమిలో ఉబ్బి, చుట్టూ తామరాకులా పగులు పరుస్తుంది. అది రాయి వేడి చూసిందనడానికి గుర్తు, ల్యాబువాళ్లు వెతికేది కూడా అదే. అది పైముఖం దాకా రాకుండా లోపలే ఉంటే ఇబ్బంది లేదు.

నిన్న లేనిది ఇవాళ కనిపిస్తే మాత్రం కారణం వేరు. అతుకు పెట్టి ఎర్రగా ఉన్న ఉంగరాన్ని ఛుయ్ మని నీళ్లలో ముంచారు. పైపొర ఒక్కసారిగా చల్లబడి, లోపల ఇంకా వేడిగా ఉంటే రాయి చీలుతుంది. దీనికి మందు లేదు. పగులు పైకి వచ్చిందో లేదో గోటితో గీసి చూడండి. వస్తే రోజూ పెట్టుకునే ఉంగరంలోంచి తీసి, దెబ్బ తగలని లాకెట్టులోకి మార్పించండి.

పచ్చ, ముత్యం, పగడం ఉన్న నగలకు అసలు మంట దగ్గరికి రాకూడదు. పచ్చకు వేడి చేసి రంగు తెచ్చే పద్ధతే లేదు. దాని పగుళ్లలో నూనెనో రెసినో నింపుతారు. వేడి నీళ్లలో వేస్తే నూనె బయటికి పోయి తెల్ల గీతలు తేలతాయి. మళ్లీ నూనె పట్టించవచ్చు, కాబట్టి కంగారు పడకండి. మాడిన ముత్యానికీ పగడానికీ అలాంటి దారి లేదు.

లక్షణం: గ్యాస్ పొయ్యి మీద పరీక్ష పెడితే ఊదారాయి పాలిపోయింది

నిజమైన రాయి నిప్పుకు చెక్కుచెదరదని ఎవరో చెబితే విని చేసే పని ఇది. ఊదారంగు అమెథిస్టును 450 డిగ్రీల పైన వేడి చేస్తే రంగు మారి పసుపు వస్తుంది. బజారులో సిట్రిన్ పేరుతో అమ్మే రాళ్లు చాలావరకు అలా వచ్చినవే. పొయ్యి మంట ఒక పక్కే తగులుతుంది కాబట్టి అక్కడ రంగు సమంగా రాదు, పగులు కూడా రావచ్చు. రంగు మారినంత మాత్రాన అది నకిలీ అని కాదు, మారకపోతే అసలని కూడా కాదు. గోధుమరంగు జిర్కాన్ వేడికి నీలంగా మారుతుంది, టాంజానియా గనుల గోధుమ రాయి 500, 600 డిగ్రీలకు నీలి ఊదా టాంజనైట్ అవుతుంది. ఇవన్నీ భూమిలో పుట్టిన రాళ్లే.

లక్షణం: రాయి బాగానే ఉంది, ల్యాబు కాగితం మీద 'హీటెడ్' అని ఉంది

ఇది రాయికి వచ్చిన జబ్బు కాదు. పదకొండో శతాబ్దంలోనే అల్ బిరూని కెంపులను వేడి చేయడం గురించి రాశాడు. గుజరాత్‌లోని ఖంబాత్‌లో అకీకు (అగేట్) రాళ్లను కుండల్లో పెట్టి నిప్పుల్లో ఎర్రగా మార్చడం తరతరాల పని. వేడి మాత్రమే తగిలిన కెంపు పెళ్లికి పెట్టదగ్గ కెంపే. వేడి చూడని రాయి అరుదు కాబట్టి దాని ధర చాలా ఎక్కువ. గొడవల్లా ఆ ధర తీసుకుని ఈ రాయి ఇచ్చినప్పుడే.

కాగితం మీద మూడు రకాల మాటల కోసం చూడండి. 'నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్' అని ఉంటే వేడి చేసిన గుర్తులు దొరకలేదని. 'హీటెడ్' అని మాత్రమే ఉంటే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 'గ్లాస్ ఫిల్డ్', 'లెడ్ గ్లాస్', 'కాంపోజిట్', 'డిఫ్యూజన్' అన్న మాటల్లో ఏది కనబడినా దానికి పైన చెప్పిన జాగ్రత్తలు వర్తిస్తాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. కాగితం మీది బరువూ కొలతలూ మీ చేతిలోని రాయివో కాదో అక్కడే తూకం వేయించి సరిచూసుకోండి. రాయికి ఏం చేశారో చెప్పే ఆ మాట కొట్టు బిల్లు మీద కూడా రాయించుకోండి. రేపు ఉంగరం బిగించడానికి ఏ ఆచారిగారి దగ్గరికెళ్లినా, మంట వెలిగించకముందే ఆ కాగితం ఆయన చేతికివ్వండి.