పాత చిన్న బైకును ఇంట్లోనే దారికి తేవడం

చాలాకాలం మూలన పడి ఉన్న నూరు, నూటపాతిక సి.సి. బైకు చేతికి రాగానే అందరూ మొదట చేసే పని కిక్ కొట్టి చూడడం. అది స్టార్ట్ కాకపోతే రెండో పని ఇంజను విప్పడం. రెండూ తొందరపాటు పనులే. పిస్టను, రింగులు అరిగిపోయిన బండ్లు లేకపోలేదు గానీ, నిలిచిపోయిన బండిలో లోపం చాలావరకు ప్లగ్గుకు కరెంటు అందకపోవడంలోనో, కార్బొరేటర్‌లో పెట్రోలు దారి మూసుకుపోవడంలోనో ఉంటుంది. కాబట్టి ముందు పరీక్షించి, లోపం ఎక్కడుందో తేల్చుకొని, ఆ ఒక్కచోటే చెయ్యి పెట్టడం ఈ హాబీలో నేర్చుకోవలసిన మొదటి క్రమశిక్షణ.

బండిని ఎంచుకొనేటప్పుడు దాని అందం కన్నా విడిభాగాల లభ్యతను చూడడం మేలు. 1958లో హోండా విడుదల చేసిన సూపర్ కబ్ శ్రేణి ఉత్పత్తి 2017లో పది కోట్లు దాటింది. ఆ రకపు ఇంజనుకు గాస్కెట్లు, పాయింట్లు (ప్లగ్గులో మెరుపు పడే క్షణాన్ని నిర్ణయించే చిన్న స్విచ్), క్లచ్ ప్లేట్లు ఈనాటికీ కొత్తవి దొరుకుతాయి. అరుదైన బండికైతే ఒక్క రబ్బరు సీలు కోసం నెలల తరబడి వెతకవలసి రావచ్చు. ఏ బండి తెచ్చుకున్నా దాని వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించుకోవాలి. ఈ వ్యాసంలో ఇచ్చిన కొలతలు ఇటువంటి బండ్లలో సాధారణంగా కనిపించేవి మాత్రమే. మీ బండికి ఆ మాన్యువల్ చెప్పినదే ఖాయం.

పనిముట్ల జాబితా పెద్దదేమీ కాదు. రింగ్ స్పానర్లు, ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్ ఉంటే చాలా పనులు జరిగిపోతాయి. స్క్రూడ్రైవర్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. జపాన్ బండ్ల స్క్రూ తలల మీద ఉండే ప్లస్ గాడి మామూలు ఫిలిప్స్ గాడి కాదు, జె.ఐ.ఎస్. అనే జపాన్ ప్రమాణానికి చెందినది. అందులో ఫిలిప్స్ మొన అడుగుదాకా దిగదు కనుక, బలంగా తిప్పగానే పైకి జారి తలను అరగదీస్తుంది. ఇంజను పక్క కవర్ల స్క్రూలు ఏళ్ల తరబడి బిగుసుకొని ఉంటాయి. వాటికి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి. తిరిగి బిగించేటప్పుడు, ముఖ్యంగా ప్లగ్గును, మొదటి కొన్ని చుట్లు వేళ్లతోనే తిప్పాలి. అల్యూమినియంలో మర ఒకసారి పోయిందంటే పది నిమిషాల పని ఒక రోజు పనిగా మారుతుంది.

స్టార్ట్ చేసే ప్రయత్నానికి ముందే పాత ఇంజన్ ఆయిల్ వంపేసి కొత్తది పోయాలి. చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లలో పట్టేది సుమారు లీటరు, చాలావాటిలో కాగితపు ఫిల్టరు కూడా ఉండదు, జల్లెడ మాత్రమే ఉంటుంది. అందువల్ల ఆయిల్ తరచుగా మార్చడమే వాటికి ఆయుష్షు. క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కనుక కార్ల ఆయిల్ పోయకూడదు. దానిలో రాపిడి తగ్గించే పదార్థాలు ఉంటే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎం.ఎ. (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే జపాన్ ప్రమాణం) అన్న గుర్తు చూసి తీసుకోవాలి. తరువాత ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి, కొన్ని గంటలు ఆగి, కిక్ లీవరును చేత్తో మెల్లగా కదపాలి. ఇంజను పట్టేసి ఉంటే బలం ప్రయోగించవద్దు.

ఇంజను తేలికగా తిరిగితే మూడు పరీక్షలు వరుసగా చేయాలి. మొదటిది కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఒత్తిడి: ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి కిక్ నొక్కితే గాలి వేలిని తోసుకొని బయటికి రావాలి. రాకపోతే గేజ్ పెట్టి కొలిచి, కాస్త ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే అరిగినవి రింగులు, పెరగకపోతే అనుమానం వాల్వుల మీదికి పోతుంది. రెండోది కరెంటు: ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని రంధ్రానికి దూరంగా హెడ్డుకు ఆనించి, దగ్గరలో పెట్రోలు లేకుండా చూసుకొని కిక్ కొట్టాలి. చిటపటమంటూ నీలిరంగు మెరుపు రావాలి. రాకపోతే వెంటనే ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ పుట్టించే కాయిల్‌ను నిందించకుండా, కొత్త ప్లగ్గు, కిల్ స్విచ్, ప్లగ్ క్యాప్, తీగ చివర అనే వరుసలో చూసుకుంటూ రావాలి. క్యాప్‌ను మరలాగా తిప్పి ఊడదీసి, తుప్పు పట్టిన తీగ చివరను అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగిస్తే పోయిన కరెంటు తిరిగి వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి.

మూడోది పెట్రోలు. దీనికే ఎక్కువ ఓపిక కావాలి. నిలవున్న పెట్రోలు ఆవిరైపోయి, కార్బొరేటర్ గిన్నె అడుగున ముదురు పాకంలాంటి జిగురును మిగులుస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే నీటిని కూడా పీల్చుకుంటుంది. ఆ జిగురు మొదట మూసేది, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క అయిన పైలట్ జెట్‌ను, ఎందుకంటే దాని రంధ్రం అర మిల్లీమీటరుకన్నా సన్నం. జెట్‌ను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో చక్కని గుండ్రటి చుక్క కనిపించాలి. అది వంకరగా ఉన్నా, మసకగా ఉన్నా జెట్ శుభ్రపడనట్టే. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలే తప్ప ఉక్కు తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ తరువాత ఇంజను ఎప్పటికీ సరిగా ట్యూన్ కాదు. జెట్ ఒక్కటే కాదు, కార్బొరేటర్ ఒంట్లో ఉన్న సన్న దారులన్నిటిలోనూ గాలి ఒకవైపు నుంచి మరోవైపుకు దూసుకుపోతున్నదో లేదో వేలు పెట్టి చూడాలి.

బిగించిన తరువాత గాలి, పెట్రోలు మిశ్రమం సర్దే స్క్రూను పూర్తిగా లోపలికి, బలం పెట్టకుండా తిప్పి, సుమారు ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టవచ్చు. ఆ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని, ఇంజను వైపు ఉంటే పెట్రోలును నియంత్రిస్తుంది. అంటే వెనక్కి తిప్పినప్పుడు మొదటి రకంలో మిశ్రమం పలచబడుతుంది, రెండో రకంలో చిక్కబడుతుంది. వేడెక్కాక కూడా చోక్ (చల్లని ఇంజను కోసం మిశ్రమాన్ని చిక్కబరిచే మీట) లాగితేనే ఇంజను నడుస్తున్నదంటే పైలట్ దారి ఇంకా మూసుకొని ఉన్నదనో, కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతున్నదనో అర్థం. కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయ్యే బండికి ముందు ట్యాంకు మూత చూడాలి. ఆగిన చోటనే మూత తెరిస్తే లోపలికి గాలి పీల్చిన చప్పుడు వినిపించిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది, అంతే.

ఆ చప్పుడు లేకుండా, వేడెక్కగానే ఆగిపోయే బండిలో అనుమానించవలసినవి కాయిల్, పాయింట్లున్న బండ్లలోనైతే ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్. పాయింట్ల ముఖాలు నల్లగా కాలి, గుంటలు పడి ఉంటే కండెన్సర్‌ను కూడా మార్చడం ఉత్తమం. పాయింట్ల ఎడం సాధారణంగా 0.3 నుంచి 0.4 మి.మీ.; ఎడం పెంచితే మెరుపు కాస్త ముందుగానే పడుతుంది. టైమింగ్, అంటే మెరుపు పడే క్షణం, చూడడానికి పాయింట్ల మధ్య పలుచటి కాగితం ముక్క పెట్టి, మెల్లగా లాగుతూ ఫ్లైవీలును తిప్పాలి. కాగితం జారిపోయిన క్షణంలో ఫ్లైవీలు మీది "ఎఫ్" గీత కేసు మీది గుర్తుకు ఎదురుగా ఉండాలి. టాపెట్లను (వాల్వులను నొక్కే భాగాల సందును) "టి" గీత దగ్గర, అంటే పిస్టను పైకొనకు చేరినప్పుడు, కంప్రెషన్ స్ట్రోకులో, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సెట్ చేయాలి. చిన్న ఇంజన్లలో సందు 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా ఉంటుంది. కొద్దిగా టిక్‌టిక్‌మనే టాపెట్ వల్ల పెద్ద నష్టం లేదు. సందే లేకుండా బిగించిన టాపెట్ వాల్వును కాల్చేస్తుంది.

ఇంజను నడవగానే రోడ్డెక్కాలనిపించడం సహజమే గానీ, బ్రేకులు చూడకుండా వెళ్లవద్దు. పాత బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక డ్రమ్ములోని పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచేయాలి. లైనర్లు అరిగినప్పుడు బ్రేక్ చేతిని (డ్రమ్ము బయట ఉండే లీవరును) దాని ఇరుసు పళ్ల మీద ఒక మెట్టు జరిపి బిగించే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల లోపల లైనర్లను తోసే క్యామ్ పూర్తిగా తిరగబడి చక్రం పట్టేసే ప్రమాదం ఉంది, లైనర్లు మార్చడమే సరైన పని. టైరు గోడ మీది చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2311 అంటే 2011లో 23వ వారం. అంత పాతబడిన టైరుకు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద దాన్ని నమ్మకూడదు. చైన్ లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ కదిలే దిశలో ఉండాలి.

ఇటువంటి బండిని నడిపే పద్ధతి కూడా వేరు. డ్రమ్ బ్రేకులు దిగుడు రోడ్డు మీద వేడెక్కి పట్టు తప్పుతాయి, నీళ్లలోంచి వెళ్తే కాసేపు పనిచేయవు. అందువల్ల ముందు వాహనానికి దూరం ఎక్కువ ఉంచాలి, నీళ్లు దాటాక బ్రేకును రెండు మూడుసార్లు తేలికగా నొక్కి ఆరబెట్టాలి. ఆరు వోల్టుల లైట్లు ఇంజను వేగం తగ్గగానే మందగిస్తాయి కనుక చీకటి ప్రయాణాలు తగ్గించుకోవడం వివేకం. పెట్రోలులో ఆయిల్ కలిపే టూస్ట్రోక్ బండిని పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులో వదిలేయకూడదు. పెట్రోలుతో పాటే ఆయిల్ కూడా అందడం తగ్గి పిస్టను పట్టేస్తుంది. మధ్యమధ్య యాక్సిలరేటర్ కాస్త తెరుస్తూ ఉండాలి.

మొదటి కొన్ని ప్రయాణాల తరువాత నట్లు, బోల్టులు మరొకసారి బిగించి చూడాలి, ముఖ్యంగా ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచేవి. ఆ తరువాత కాసేపు ఒకే వేగంతో నడిపి, ఇంజను ఆపి, చల్లారాక ప్లగ్గు తీసి చూడాలి. లేత గోధుమరంగు ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు; పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ; జిడ్డుగా నల్లగా ఉంటే సిలిండరులోకి ఆయిల్ వస్తున్నట్టు. తెల్లగా, కాలినట్టు ఉంటే మాత్రం కారణం తెలిసేదాకా ఆ బండిని మళ్లీ వేగంగా నడపకూడదు.