ఇంటిల్లిపాదికీ నప్పే టూర్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

ఎండలు ముదిరి పరీక్షలు అయిపోవస్తుంటే నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో ఒకటే మాట: ఈసారి ఎక్కడికి పోదాం? పిల్లలు ఊటీ అంటారు, తాత తిరుమల అంటాడు, ఇంటాయన ఖర్చు లెక్కేస్తాడు, ఇల్లాలు ఏమీ అనదు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే ఆ ఊరికే టికెట్లు పడతాయి. ఊరి పేరుతో మొదలుపెట్టడం వల్లే ఈ తిప్పలన్నీ. ముందు మనుషుల్ని, తర్వాత తేదీల్ని చూసుకుని, ఊరిని ఆఖర్న తేల్చుకోండి.

ఇంట్లోవాళ్లని విడివిడిగా అడగండి

అందరినీ హాల్లో కూర్చోబెట్టి అడిగితే పెద్దవాళ్లు నిజం చెప్పరు. "నాదేముంది నాయనా, మీరెక్కడికి పోతే నేనూ అక్కడికే" అంటుంది నాయనమ్మ. ఆ మాట పట్టుకుని మెట్లున్న చోటికి తీసుకెళ్తే రెండో రోజు నుంచి ఆమె రూంలోనే ఉండిపోతుంది. పక్కన కూర్చుని వేరేగా అడగాలి. "నాయనమ్మా, ఆగకుండా ఎన్ని మెట్లెక్కగలవు? రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? కుర్చీ లాంటి బాత్రూం లేకపోతే కష్టమా?" ఇలా అడిగితే జవాబులు గబగబా వస్తాయి. హోటల్ గది, రైలు బెర్తు, తిరిగే దూరం అన్నీ ఆ జవాబుల మీదే తేలతాయి.

పిల్లల్ని అడిగితే ఊరి పేరు చెబుతారు. ఆ ఊళ్లో ఏం చేద్దామనుకుంటున్నారో అడగండి. చాలాసార్లు వాళ్లకి కావాల్సింది నీళ్లలో ఆడుకోవడం. అది ఊటీలో కుదరదు, సముద్రం దగ్గర కుదురుతుంది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లు ఎవరో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక ఇల్లాలి సంగతి. దీని గురించి గట్టిగానే చెప్పాలి. బయలుదేరే ముందు రోజు పులిహోర కలిపేది ఆమే, అందరి బట్టలూ సర్దేది ఆమే, మామగారి బీపీ మాత్రలు గుర్తుపెట్టుకునేదీ ఆమే. అక్కడికి పోయాక పిల్లల తడి బట్టలు ఆరేసుకుంటూ కూర్చుంటుంది. అందరూ బాగా తిరిగొచ్చామనుకునే టూర్‌లో ఆమెకి మాత్రం చోటు మారిందే గానీ పని మారలేదు. ఇది సరిదిద్దకుండా ఎంత మంచి హోటల్ తీసుకున్నా అందరికీ నప్పిన టూర్ కాదు. అందుకే పనులు పేర్లు పెట్టి పంచండి. మందుల డబ్బా కొడుకు చూసుకోవాలి, పదేళ్లు దాటిన పిల్లలు ఎవరి బ్యాగు వాళ్లే సర్దుకోవాలి, దారిలోకి టిఫిన్ బయటే తీసుకోవాలి. అక్కడ ఒక పూటైనా పిల్లలతో ఇంటాయన ఉండి, ఆమెని తన ఇష్టానికి వదిలేయాలి.

తేదీలు

మన వైపు తేదీలని క్యాలెండర్ కంటే పనులే ఎక్కువ నిర్ణయిస్తాయి. రొయ్యల గుంటలున్న ఇంట్లో పంట మధ్యలో ఎవరూ కదల్లేరు. కరెంటు పోతే ఏరేటర్ల (గుంట నీళ్లకి గాలి అందించే యంత్రాల) కోసం అర్ధరాత్రి పరిగెత్తాల్సిందే. రొయ్యలు పట్టేశాక, మళ్లీ రొయ్య పిల్లల్ని వదిలే లోపు దొరికే రోజులే వాళ్లకి సెలవులు. పొగాకు రైతులకి వేలం రోజులు ముఖ్యం. గేదెలున్నవాళ్లు పాలు తీసే మనిషిని ముందే మాట్లాడుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వానలు, వాయుగుండాలు ఎక్కువ. ఆ నెలల్లో సముద్రం ఒడ్డు ప్లాన్ పెట్టుకోవద్దు. రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరులో లాడ్జీలు దొరకడం కష్టం. బయటి ఊళ్ల చుట్టాలని ఇక్కడికి పిలిచేవాళ్లు అది చూసుకోవాలి.

ఊరు తేల్చడం

కావలిలో ఎనిమిది మంది కుటుంబం ఉందనుకుందాం: తాత, నాయనమ్మ, ఇద్దరు కొడుకులూ కోడళ్లూ, ఇద్దరు పిల్లలు. అందరికీ నచ్చే ఊరు వెతికితే దొరకదు. ప్రతి ఒక్కరికీ కావాల్సింది ఒక్కటైనా ఉన్న ఊరు వెతకండి. వీళ్లు మే నెలలో ఊటీ అనుకుంటే పెద్దవాళ్లకి చల్లదనం, పిల్లలకి మెట్టుపాళయం నుంచి కొండెక్కే చిన్న రైలు, కోడళ్లకి బొటానికల్ గార్డెన్ ఉన్నాయి. కానీ ఆ రైలు కొండెక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. నడుం నొప్పి ఉన్న తాతని కార్లో పంపి, పిల్లలతో ఇద్దరు రైలెక్కితే సరిపోతుంది. అందరూ అన్నిచోట్లా కలిసే ఉండాలన్న పట్టుదల వదిలేస్తే సగం టెన్షన్ పోతుంది.

సొంత వాహనంలో ఊటీ, కొడైకెనాల్ వెళ్లాలంటే 2024 మే నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) తీసుకోవాలి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం, స్టీలు సీసాలు పట్టుకెళ్లండి.

అంత దూరం కుదరనివాళ్లకి దగ్గర్లోనే చోట్లున్నాయి. ఉదయం మైపాడు లేదా కొత్తపట్నం బీచ్, చలికాలంలో గూడబాతులు గూళ్లు పెట్టుకునే నేలపట్టు, కొండని తొలిచిన గుహాలయాలున్న భైరవకోన, లేదంటే ఉదయగిరి కోట. కోటకి మాత్రం మోకాళ్ల నొప్పులవాళ్లు వద్దు. బీచ్‌లో పిల్లల్ని మోకాలి లోతు దాటి పోనివ్వకండి. మన ఒడ్డున లాగేసే ప్రవాహాలుంటాయి, ఈత వచ్చినవాళ్లనీ వదలవు.

రైలు టికెట్లు

ఇక్కడే ఓపిగ్గా ఉండాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. మే 10 రైలుకి మార్చి 11న తీసుకోవచ్చు. రైలు వేరే రాష్ట్రంలో ముందు రోజే బయలుదేరి మన స్టేషన్‌కి వచ్చేదైతే, అది బయలుదేరే తేదీ నుంచే లెక్క. తిరుగు ప్రయాణం టికెట్లు ఇంకో నాలుగైదు రోజుల తర్వాత తెరుచుకుంటాయి కాబట్టి రెండు తేదీలూ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి ఆధార్ ముందే కలిపి ఉంచండి. అది లేకపోతే బుకింగ్ తెరిచిన వేళలోనూ, తత్కాల్‌లోనూ ఆన్‌లైన్ టికెట్ తీయలేరు.

ఒక టికెట్ మీద ఆరుగురికి మించి కుదరదు. మన ఎనిమిది మందికి ఎలాగూ రెండు టికెట్లు కావాలి. అలాంటప్పుడు తాత, నాయనమ్మలకి విడిగా ఒక టికెట్ తీయండి. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది గానీ, ఆ టికెట్ మీద అలాంటివాళ్లు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉంటేనే అది వర్తిస్తుంది. అందరితో కలిపేస్తే ఆ అవకాశం పోతుంది. బుక్ చేసేటప్పుడు బోగీ నంబరు కోరుకునే వీలుంది, రెండు టికెట్లకీ ఒకే నంబరు ఇచ్చి చూడండి.

ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు లోపు పిల్లలకి బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కనివ్వరు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని హోటల్‌కి డబ్బు కట్టేయొద్దు. చెన్నైలో రైలు మారాలంటే మధ్యలో కనీసం మూడు గంటలు వదలండి.

దారిలో తిరుమల కలుపుకునేవాళ్లు ముందు దర్శనం తేదీ ఖాయం చేసుకుని, మిగతావి దాని చుట్టూ పెట్టుకోవాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. పన్నెండేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.

హోటల్, బండి

హోటల్‌ని యాప్‌లో చూడండి, తర్వాత ఫోన్ చేసి మాట్లాడండి. లిఫ్ట్ ఉందా, కింద అంతస్తులో గది ఇస్తారా, వేడి నీళ్లు ఏ వేళల్లో, ఎన్నేళ్ల పిల్లలకి అదనపు బెడ్ డబ్బులు తీసుకుంటారు, చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా లేక 24 గంటల లెక్కా అని అడగాలి. తెల్లవారుజామున దిగే రైలైతే చెకిన్ దాకా నాయనమ్మ లాబీలో కూర్చోవాల్సి వస్తుంది, ముందుగా గది ఇస్తారేమో ఇప్పుడే తేల్చుకోండి. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి క్యూఆర్ కోడ్ పంపి అడ్వాన్స్ కొట్టమంటే కొట్టొద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

టెంపో ట్రావెలర్ మాట్లాడుకునేవాళ్లు కిలోమీటరు రేటు ఒక్కటే చూడకూడదు. రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్ల లెక్క, డ్రైవర్ బత్తా, టోల్, తమిళనాడు పర్మిట్ ఎవరు కట్టాలి అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. అన్నదమ్ముల కుటుంబాలు కలిసి వెళ్తే అందరి వాటా ముందే ఒకరి దగ్గర వేసి, ఉమ్మడి ఖర్చులన్నీ ఆ డబ్బుతోనే పెట్టండి. హోటల్ బిల్లు దగ్గర మొహమాటాలు ఉండవు.

రోజు ఎలా గడపాలి

రోజుకి పెద్ద చోటు ఒక్కటే. పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం భోజనం చేసి గదికి వచ్చి పడుకోండి. సాయంత్రం ఓపిక ఉన్నవాళ్లు తిరుగుతారు, లేనివాళ్లు టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. ఒక ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉండేలా చూడండి, రోజూ బ్యాగులు విప్పి సర్దడం పెద్ద పని. పెరుగన్నం లేనిదే పొద్దుపోని తాత కోసం దగ్గర్లో తెలుగు భోజనం ఎక్కడ దొరుకుతుందో ముందే చూసి పెట్టుకోండి.

తిరిగి ఇంటికి చేరడం ఆదివారం రాత్రికి కాకుండా శనివారానికి పెట్టుకోండి. ఆదివారం నిద్రకి, ఉతుకులకి ఉంటుంది. ఆ రోజు కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుని, కుక్కర్‌లో అన్నం ఇంటాయన పెడితే చాలు.