పాట షూటింగ్‌కి ముందురోజు చేసుకోవాల్సిన పని

కాలేజీ ప్రాజెక్టుకి పాట తీసినవాళ్లకి ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది. ఎడిటింగ్‌కి కూర్చున్నాక ఏ టేక్ ఏ లైనుదో అర్థం కాదు, పెదాలు పాటతో కలవవు. మా మొదటి పాటకి రెండు రాత్రులు దీనికే పోయాయి.

ఈసారి ముందురోజే పాటను నాలుగు ఫైళ్లుగా కోసుకున్నాం: పల్లవి, మొదటి చరణం, రెండో చరణం, చివరి పల్లవి. ప్రతి ఫైలు మొదట్లో "చరణం ఒకటి" అన్నట్టు పేరు చెప్పి, వెంటనే పాట లయలోనే నాలుగు చప్పట్లు రికార్డు చేసి అతికించాం. కెమెరా ఆన్ చేశాకే స్పీకర్లో ఫైలు ప్లే చేయాలి. చప్పట్లు వింటూ పాడే అమ్మాయి ఎత్తుగడ సరిగ్గా అందుకుంటుంది, టేక్ పేరు కూడా వీడియోలోనే రికార్డవుతుంది. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లు ఆడియో మీద నాలుగు నిలువు గీతల్లా కనిపిస్తాయి. వాటిని అసలు ఫైల్లోని గీతలకు ఆనిస్తే చాలు, పెదాలు కలిసిపోతాయి. మాకు ఒక్కో టేక్‌కి నిమిషం కూడా పట్టలేదు, క్లాప్ బోర్డు అద్దె కూడా మిగిలింది.

ఒక్క జాగ్రత్త. స్పీకర్ పాడేవాళ్ల దగ్గర ఉండి, కెమెరా దూరంగా ఉన్న షాట్లలో ఇది కుదరదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది కాబట్టి 30 మీటర్ల దూరానికి రెండు ఫ్రేములకి (ఫ్రేము అంటే వీడియోలోని ఒక్కో బొమ్మ) పైగా తేడా వస్తుంది, పెదాలు పాటకంటే ముందే కదులుతాయి. అలాంటి షాట్‌ను టైమ్‌లైన్‌లో రెండు మూడు ఫ్రేములు కుడివైపుకి జరిపి, పెదాలు చూస్తూ సరిచేసుకోండి.