హాస్టల్లో ఆసనాలు వేసే ముందు చూసుకోవలసినవి

నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో పరీక్షల ఒత్తిడి తట్టుకోలేక యోగా మొదలుపెట్టే పిల్లల కోసం ఇది.

ముందు కడుపు సంగతి. కారం దోసెలు తిని వెంటనే పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది) వేస్తే పుల్లటి తేన్పులే మిగులుతాయి. భోజనం తర్వాత మూడు నాలుగు గంటలు, టిఫిన్ తర్వాత రెండు గంటలు ఆగాలి. తెల్లవారి పరగడుపున అయితే ఈ లెక్కలే అక్కర్లేదు.

ఎండాకాలం డాబా మీద వేసేవారు పొద్దెక్కకముందే ముగించాలి. గదిలో అయితే టైల్స్ మీద చాప పరిచి, మడమతో ఒకసారి గట్టిగా నెట్టి చూడండి. చాప జరిగిందా, ఆ రోజుకు ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం గోడ పక్కనే.

ఉబ్బసం, రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా కపాలభాతి, భస్త్రిక (ఊపిరిని వేగంగా, బలంగా వదిలే ప్రాణాయామాలు), కుంభకాల (ఊపిరి బిగబట్టడం) జోలికి పోవద్దు. అసలు ఒత్తిడి తగ్గడానికి అంత హడావుడి ఎందుకు? నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం), భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం) చాలు. నాడీశోధనలో కుడి చేతి బొటనవేలితో కుడి ముక్కును, ఉంగరపు వేలితో ఎడమ ముక్కును మార్చి మార్చి మూయాలి, నొక్కిపట్టకూడదు. జలుబుతో ముక్కు దిబ్బడేస్తే మానేయండి. తల తిరిగితే వెంటనే ఆపి పడుకోండి.

శీర్షాసనం ఫోనులో చూసి నేర్చుకునేది కాదు. సరిగా వేయకపోతే బరువు మెడ మీద పడుతుంది, గురువు పక్కన ఉండాల్సిందే. నెలసరి రోజుల్లో తలకిందుల ఆసనాలు వద్దంటారు.

చివర శవాసనం (వెల్లకిలా కదలకుండా పడుకోవడం) ఎగ్గొట్టకండి. రాత్రంతా చదివినవారు మాత్రం అలారం పెట్టుకోండి, లేకపోతే కాలేజీ బస్సు వెళ్లిపోతుంది.